పద్నాలుగో నంబరు పుస్తకం

హిందూపురం,
14 జూన్ 1998.

నాగమణికి, సుచిత్ర రాయడం ఏమంటే,

మేమంతా బాగున్నాం. నీ దగ్గర నుంచి ఉత్తరం వచ్చి ఏడు నెలల పన్నెండు రోజులైంది. తప్పు పట్టడం లేదు, లెక్క చెబుతున్నాను.

ఒక పని మొదలుపెట్టాను. మా ఆయన ఇనుప సామాన్ల అంగడి మీద గది ఖాళీగా ఉంది కదా, అక్కడ ప్రతి ఆదివారం పది నుంచి ఒంటిగంట దాకా ఆడపిల్లలకు కంప్యూటర్ ప్రోగ్రాం రాయడం నేర్పుతున్నాను. ఎవరి దగ్గరా ఏమీ తీసుకోను. ఇంటర్ అయిపోయి ఇంట్లో కూర్చున్నవాళ్ళు తొమ్మిది మంది వస్తున్నారు.

కంప్యూటర్ లేదు. కాయితమే. అంగడిలో వాడే పొడుగు పుస్తకాలు ఒక్కొక్కరికి ఒకటి ఇచ్చాను. ప్రోగ్రాం ఎడమ పేజీలో రాయాలి. కుడి పేజీలో నిలువు గళ్ళు గీసి, ఒక్కొక్క వరస జరిగినప్పుడు ఏ గడిలో ఏ అంకె మారిందో చేత్తో రాసుకుంటూ పోవాలి. దీన్ని కంప్యూటర్ వాళ్ళు డ్రై రన్ అంటారు. నేను నడిపించడం అంటాను. కాయితం మీద నడవని ప్రోగ్రాం ఎక్కడా నడవదు. లెక్క మొదలుపెట్టేటప్పుడు మాత్రం మా మామగారు వడ్లు కొలిచేటప్పుడు చెప్పినట్టే, ఒకటి అనకుండా 'లాభం' అని, తర్వాత రెండు, మూడు అంటాను. పిల్లలు నవ్వుతారు. అలవాటు పోదు.

పుస్తకం మీద పేరు ఉండదు, నంబరే. పేరు చూస్తే ఊరూ, కులమూ, ఇంటి పెద్దా గుర్తొస్తారు. దిద్దే చెయ్యి మెత్తబడుతుంది, లేకపోతే గట్టిపడుతుంది.

నువ్వు ధర్మవరంలో ఇలాంటిదే మొదలుపెట్టాలి. లెక్కల టీచరువి, నాకంటే బాగా చెబుతావు. పుస్తకాలు బస్సులో పంపు, దిద్ది పంపుతాను. పెనుకొండ చర్చి పక్క గదిలో ఏసుదాసు అనే అబ్బాయి రెండు పాత కంప్యూటర్లు పెట్టించాడు. బెంగళూరులో ఉద్యోగం, సొంత ఊరు పెనుకొండ. మొదటి ఆదివారం మా పిల్లలు, మూడో ఆదివారం మీ పిల్లలు.

ఇది సేవ. ఇంకేమీ లేదు.

సుచిత్ర

●

ధర్మవరం,
25 జూన్ 1998.

ఏమే సుచిత్రా,

సేవ అనే మాట నీ చేతిరాతలో చూసి, నా చత్వారం ముదిరిందేమో అని అద్దాలు తుడుచుకున్నా. మళ్ళీ చదివినా. సేవే.

హాస్టల్లో నీ దువ్వెన విరగ్గొట్టిన పిల్ల గుర్తుందా? నువ్వు ఒక్క మాట అనలేదు. ఏడాది తిరిగి పబ్లిక్ పరీక్ష రోజు పొద్దున ఆ పిల్ల దువ్వెన కనపడక, చిక్కు జుట్టుతో ఏడుస్తా పరీక్షకు పోయింది. దువ్వెన నీ ట్రంకు పెట్టె అడుగున ఉండాదని నాకొక్కదానికే తెలుసు. అట్లాంటి నువ్వు సేవ చేస్తాండానంటే నేను నమ్మల్లనా?

ఎవడు కొట్టినాడు నిన్ను? పేరు చెప్పు. అప్పుడు వస్తా.

ఇంకొక మాట. ఇంటికి రాయద్దు. మా అత్త ఉత్తరాలన్నీ మగ్గం కాడ గంగక్కతో చదివించుకొని, అయినాక నాకు సారాంశం చెప్తాంది. పోయిన ఉత్తరంలో నీ మొగుని అంగడి మీద గది ఖాళీగా ఉందన్న ముక్క పట్టుకొని, "బాడుగకిస్తారా?" అని మూడు రోజులు అడిగింది. ఇక మీదట నేను పనిచేసే మిషన్ బడికి రాయి.

నీ నాగి

●

హిందూపురం,
2 జులై 1998.

నాగమణికి,

కృష్ణమోహన్. స్టేషన్ రోడ్డులో కంప్యూటర్ సెంటర్ నడుపుతున్నాడు. వయసు ముప్పై నాలుగు.

రెండేళ్ళ కింద నేను అక్కడ చేరాను. తరగతిలో అందరూ నా కొడుకు ఈడు వాళ్ళు. నలభై ఒక్క ఏళ్ళ ఆడమనిషికి ఎందుకని మా ఇంట్లో అడగలేదు, అంగడి లెక్కలకు పనికొస్తుందనుకున్నారు. నాకు లెక్కల కంటే ఆ పని నచ్చింది. రాసింది రాసినట్టు చేస్తుంది, ఎదురు మాట్లాడదు, మరిచిపోదు.

పోయిన ఏడాది ఐదు నెలలు కూర్చొని పట్టుగూళ్ళ యూనిట్ల కోసం ఒక ప్రోగ్రాం రాశాను. ఆరువందల పదకొండు వరసలు. సంతలో గూళ్ళు కొన్నాక ముందు వచ్చినవి ముందు ఉడికించి దారం తీయాలి. ఆలస్యమైతే లోపలి పురుగుకు రెక్కలొచ్చి గూడు తొలుచుకొని బయటపడుతుంది, దారం ముక్కలవుతుంది. ఈ రోజు ఏ లాటు గూళ్ళు ముందు తీయాలో పొద్దున్నే జాబితా అచ్చేసి ఇస్తుంది నా ప్రోగ్రాం. కృష్ణమోహన్, "ఫ్లాపీ ఇవ్వక్కా, ఒకసారి సరిచూస్తా" అన్నాడు. ఇచ్చాను.

రెండు నెలలకు వాళ్ళ సెంటర్ మీద బోర్డు లేచింది: 'మా సొంత తయారీ, పట్టుగూళ్ళ ప్రోగ్రాం.' పెనుకొండ దగ్గర ఓబుళప్ప గారి పెద్ద యూనిట్‌కు అమ్మాడట. తరగతిలో లేచి అడిగాను. అతను ఏమన్నాడో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను:

"ఏమక్కా, ఒక్కొక్క అక్షరం వేలితో ఎతుక్కుంటాండావు. ఇది నువ్వు రాసినావంటే ఎవురన్నా నమ్ముతారా? పో, ఇంట్లో పొయ్యి మీద పాలు పొంగిపోతాంటాయి."

ఇరవై ఎనిమిది మంది నవ్వారు. అందులో పదకొండు మంది ఆడపిల్లలు. ఆ పదకొండు నవ్వులు ఇంకా కాలుతున్నాయి.

అందులో మొదటి లాటు దగ్గర ఒకటి అని అచ్చు కాదు, లాభం అని అవుతుంది. అది చూసి ఓబుళప్ప అడిగితే, "శుభానికి పెట్టినా సార్" అన్నాడట. అది తీసేయడం ఎలాగో కూడా అతనికి తెలియదు.

ఇప్పుడు అతని సెంటర్లో ఆడపిల్లలు ముప్పై ఒక్క మంది. ఒక్కరు కూడా మిగలకూడదు. అడిగావు, చెప్పాను. వస్తావా?

సుచిత్ర

●

ధర్మవరం,
8 నవంబర్ 1998.

సుచిత్రా,

వచ్చినా కదా. నాలుగు నెలలకు ఇరవై ఇద్దరయినారు. పగ కోసం కాదులే, నీ మాదిరి నాకు ఓపిక లేదు. బడిలో ఐదో తరగతి పిల్లలకు ఎక్కం చెప్పీ చెప్పీ నా మెదడుకు తుప్పు పట్టింది, అందుకు వచ్చినా.

ఇక్కడి సంగతులు చెప్తా. పోయిన ఆదివారం ఒక పిల్ల నాయన వచ్చి గుమ్మం కాడ నిలబడినాడు. తిరుపాలు అని, పెనుకొండ పక్క పల్లె, శెనక్కాయల మిల్లులో మూటలు మోస్తాడు.

"ఏమమ్మా, దుడ్లు తీసుకోకుండా చెప్తాండారంటే ఏదో ఉండాది. మతమా, ఓటా?"

"రెండూ కాదప్పా," అన్నా. పగ అని లోపల అనుకున్నా.

"మరి మీకేం వస్తాది?"

"మీ పాప చేసిన లెక్క చూస్తే నాకు నిద్ర పడ్తాది," అన్నా. నిజమే అది. ఆయన పాప మన పద్నాలుగో నంబరు. పేరు చెప్పను, నీ రూలు. డిగ్రీలో ఒక పేపరు పోయి రెండేళ్ళు ఇంట్లో కూర్చుంది. రైలుకు వచ్చి రైలుకు పోతాంది. మాట్లాడదు. పుస్తకం మాత్రం చూడు, గళ్ళు స్కేలు లేకుండా గీసినా స్కేలు పెట్టినట్టుంటాయి. నువ్వు ఎర్ర సిరాతో 'లాభం నుంచి లెక్కపెట్టు' అని రాసినప్పటి నుంచి ఆ పిల్ల కూడా లాభం అనే మొదలుపెడ్తాంది. పక్క పిల్లలు ఎగతాళి చేస్తే, "దిద్దే మేడం అట్లే రాస్తారు," అంది. అంతే మాట.

పెనుకొండ గదిలో నువ్వూ నేనూ ఒకే కంప్యూటర్ ముందర కూర్చుంటాం, ఎప్పుడూ ఎదురుపడం. పోయినసారి కుర్చీ మీద నీ దిండు మరిచిపోయినావు. దాని మీదే కూర్చుంటాండా.

నాగి

●

హిందూపురం,
20 ఏప్రిల్ 1999.

నాగమణికి,

కృష్ణమోహన్ సెంటర్లో ముప్పై ఒకటి తొమ్మిదైంది. మిగతా ఇరవై రెండు మందిలో పదిహేడు మంది నా గదిలో ఉన్నారు. నవ్విన పదకొండు మందిలో ఏడుగురు వచ్చి చేరారు. వాళ్ళకూ అందరితో పాటే నంబరు ఇచ్చాను. వాళ్ళకు తలెత్తి నా ముఖం చూడటం కష్టంగా ఉంది. అది చాలు.

మనవాళ్ళలో ఇద్దరికి బెంగళూరులో పని దొరికింది. పొద్దున బస్సుకు పోయి రాత్రి బస్సుకు వస్తున్నారు. నిన్న కూరగాయల మార్కెట్టులో కృష్ణమోహన్ ఎదురయ్యాడు.

"ఏమక్కా, ఉచితంగా చెప్తే చదువుకు విలువ ఉండదక్కా," అన్నాడు.

"నీ దగ్గర విలువ ఉంది కదప్పా, మనుషులే లేరు," అన్నాను. పక్కన టమాటాలు అమ్మే ఆమె నవ్వింది. ఒకటి.

రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ తేదీ తప్పుతాయని పేపర్లలో రాస్తున్నారు కదా. దాన్ని సరిచేయడం నేర్పుతానని అతను కొత్త కోర్సు పెట్టాడు. చూసి చాలాసేపు నిలబడ్డాను.

పద్నాలుగో పుస్తకం గురించి. పోయినసారి నా ప్రోగ్రాంలోదే ఒక ముక్క, తేదీలను వరసలో పేర్చే భాగం, అందరికీ ఇచ్చాను. ఎక్కడిదో చెప్పలేదు. పద్నాలుగు ఒక్కతే కొట్టివేత లేకుండా నడిపించింది. నాకు కూతురు లేదు, ఉంటే అలా గళ్ళు గీసి ఉండేదేమో. ఇది నీకు మాత్రమే రాస్తున్నాను.

ఒక్క రూలు. మన పిల్లలు ఎక్కడైనా పని చెయ్యనీ. కృష్ణమోహన్ అమ్మిన ఆ ప్రోగ్రాం మీద మాత్రం ఒక్కరు కూడా కూర్చోకూడదు. ఎందుకని అడగద్దు.

సుచిత్ర

●

ధర్మవరం,
12 సెప్టెంబర్ 1999.

సుచిత్రా,

మంచి మాట ముందు. పద్నాలుగుకు పెనుకొండ పక్కనే ఒక ఆఫీసులో పని దొరికింది. నడిచిపోయే దూరం. వాళ్ళ నాయన ఇంతకంటే దూరం పంపనన్నాడు. మొదటి రోజు ఆయన గేటు దాకా పోయి, పాప లోపలికి పోయినాక గంటసేపు నిలబడి, వాచ్‌మన్‌తో "మా పాప కంప్యూటర్" అని చెప్పి వచ్చినాడంట. మా పాప కంప్యూటర్! ఆ మాట తలుచుకొని బడిలో పిల్లల ముందర నవ్వినా. మిగతా వివరాలు కలిసినప్పుడు.

ఇప్పుడు నచ్చని మాట. పోయిన నెల నువ్వు రాసిన ఉత్తరంలో కృష్ణమోహన్ పేరు పంతొమ్మిది సార్లు ఉండాది. లెక్క నీకొక్కదానికే వస్తాదనుకోవద్దు. పిల్లల సంగతి రెండు వరసలు. ఈ పని ఎవరి కోసం చేస్తాండామో ఒకసారి నీ పొడుగు పుస్తకంలో రాసుకొని నడిపించి చూడు.

నాగి

●

హిందూపురం,
21 డిసెంబర్ 1999.

నాగమణికి,

ఎందుకని అడగద్దన్నాను. ఇప్పుడు చెబుతాను.

నా ప్రోగ్రాంలో ఒక తప్పుంది. పోయిన ఉగాదికి నా పాత పుస్తకం తీసి నడిపిస్తుంటే దొరికింది. అంగడి పుస్తకాల్లో మేము సంవత్సరం రెండంకెలే రాస్తాం, తొంభై ఎనిమిది, తొంభై తొమ్మిది. ప్రోగ్రాంలోనూ అలాగే పెట్టాను. జనవరి ఒకటి నుంచి సంవత్సరం సున్నా సున్నా అవుతుంది. తొంభై తొమ్మిది కంటే సున్నా చిన్నది. కాబట్టి జనవరిలో కొన్న గూళ్ళే అన్నిటికంటే పాతవని అది అనుకుంటుంది. జాబితాలో వాటినే పైన వేస్తుంది. డిసెంబర్ గూళ్ళు అడుగున పడిపోతాయి. రోజూ కొత్త గూళ్ళు వస్తాయి, రోజూ అవే ముందు. పాత గూళ్ళ వంతు రానే రాదు.

ప్రోగ్రాం ఆగిపోదు. తప్పని చెప్పదు. కృష్ణమోహన్ కంప్యూటర్‌లోని తేదీ ముందుకు తిప్పి చూశాడట, తెర మీద జాబితా వచ్చింది, బాగుందని సర్టిఫికెట్ కూడా రాసిచ్చాడు. జాబితాలో ఏముందో చదవలేదు. ఫిబ్రవరిలో ఇంకో ఇరవై యూనిట్లకు అమ్మబోతున్నాడు.

ఓబుళప్ప గారి యూనిట్‌లో గూళ్ళను పురుగు చచ్చేలా ఆవిరి పట్టరు, పచ్చివే తీస్తారు. నాలుగైదు రోజులు చాలు. గది నిండా రెక్కలు లేస్తాయి. అందరూ కృష్ణమోహన్‌ను పిలుస్తారు. అతను ఆరువందల పదకొండు వరసల ముందు కూర్చొని వేలితో ఎతుక్కుంటాడు.

ఒక్క వరస మారిస్తే సరిపోయేది. తొమ్మిది నెలలు నోరు మూసుకున్నాను. రోజూ క్యాలెండర్ కాయితం చించేటప్పుడు అన్నం తిన్నంత తృప్తి. తప్పంటావని తెలుసు. అందుకే ఇప్పటిదాకా చెప్పలేదు.

సుచిత్ర

●

ధర్మవరం,
6 జనవరి 2000.

సుచిత్రకు,

నీ ఉత్తరం నాకు నాలుగో తేదీ మధ్యాహ్నం అందింది. క్రిస్మస్ సెలవుల్లో బడి ఆఫీసుకు తాళం వేస్తారు. అది నీకు తెలుసు. తేదీలు లెక్కపెట్టకుండా నువ్వు డబ్బాలో ఉత్తరం వెయ్యవు. నాకు చెప్పినట్టూ ఉండాల, నేను ఆపలేకుండానూ ఉండాల. అంతే కదా?

చదివి బడి నుంచి పరిగెత్తినా. ఎస్టీడీ బూత్ నుంచి యూనిట్‌కు ఫోన్ చేసి, "పాత గూళ్ళు ముందు తియ్యండి, జాబితా తప్పు" అని అరిచినా. ఓబుళప్ప గారు అన్నాడు: "ఇంకేం తీసేదమ్మా? పొద్దున్నుంచి గది నిండా రెక్కలు కొట్టుకుంటాండాయి."

ఇప్పుడు నేను దాచింది చెప్తా. పద్నాలుగు పనిచేసేది ఆ యూనిట్‌లోనే. ఆ ప్రోగ్రాం మీదనే. పొద్దున్నే జాబితా అచ్చేసి ఇచ్చేది ఆ పిల్లే. నీ రూలు నీ మూర్ఖత్వం అనుకొని, ఉన్న ఒక్క ఉద్యోగం పోనీయకూడదని దాచినా. ఎందుకని అడగద్దన్నావు, అడగలేదు. అడిగింటే?

కృష్ణమోహన్ వచ్చి ఒక్క నిమిషంలో తేల్చేసినాడంట: "ప్రోగ్రాం బాగుండాది సార్, ఆ పిల్ల తేదీలు తప్పు కొట్టింది." ఓబుళప్ప గారు అందరి ముందర పనిలోంచి తీసేసినాడు. "ఆడపిల్లను కంప్యూటర్ కాడ కూర్చోబెట్టినందుకు నన్ను నేను తన్నుకోవల్ల" అన్నాడంట. ఈ మాట అన్ని యూనిట్లకూ పాకింది. ఇంక మన పిల్లలను ఎవరు పెట్టుకుంటారు?

నిన్న వాళ్ళ పల్లెకు పోయినా. తిరుపాలు పనికి పోకుండా గుమ్మంలో కూర్చున్నాడు. ఆ పిల్ల పుస్తకం తీసి చూపించింది. రెండో తేదీనే జాబితా తప్పని పసిగట్టి, కాయితం మీద నడిపించి, తప్పు ఎక్కడుందో వరస నంబరుతో సహా రాసి పెట్టుకుంది. "మరి రెండు రోజులు ఎందుకు నోరు మూసుకున్నావే?" అంటే ఏడుస్తాంది తప్ప చెప్పదు.

కృష్ణమోహన్ నిన్ను తరగతిలోంచి పంపించినాడు. ఆ పిల్లను నువ్వు పంపించినావు. ఆమె పేరు రామాంజినమ్మ. నంబరుతో చాలించుకుంటివి, ఇప్పుడు పేరుతో మొయ్యి.

నాగమణి

●

హిందూపురం,
18 జనవరి 2000.

నాగమణికి,

నువ్వు రాసింది నిజం. సెలవులు లెక్కపెట్టే వేశాను ఆ ఉత్తరం.

ఎనిమిదో తేదీ మొదటి రైలుకు పెనుకొండ పోయాను. యూనిట్ గేటు పక్క అరుగు మీద ఒక అమ్మాయి పొడుగు పుస్తకం ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది. ఎవరమ్మా నువ్వు అంటే, పేరు చెప్పలేదు. "పద్నాలుగు" అంది. నేను ఎవరో చెప్పలేదు, ఎలా తెలిసిందో.

"రెండో తేదీనే తెలిసింది కదా, ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"మొదటి లాటు కాడ లాభం అని ఉండాది మేడం. అట్ల లెక్కపెట్టేది మీరొక్కరే. ఇది మీరు రాసిందని పనిలో చేరిన రోజే తెలిసింది. మీరు రాసింది తప్పుండదు, నా నడకలోనే యాడనో తప్పుండాదని మళ్ళీ మొదటి నుంచి నడిపించినా. ఐదు తూర్లు."

నాగీ, నన్ను చూసి నలుగురిలో నవ్వినప్పుడు నేను తట్టుకున్నాను. ఇది తట్టుకోలేకపోయాను.

ఇద్దరం లోపలికి పోయాం. గూళ్ళ గది గోడలు తెల్లగా కదులుతున్నాయి. ఆ పురుగులు ఎగరలేవు, రెక్కలు కొట్టుకుంటూ పాకుతాయి అంతే. ఇద్దరు ఆడవాళ్ళు చీపుర్లతో ఊడుస్తున్నారు. కృష్ణమోహన్ కంప్యూటర్ ముందర మూడో రోజు కూర్చొని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు.

రామాంజినమ్మ ఓబుళప్ప గారిని అడిగి సుద్దముక్క తీసుకొని గోడ మీద గళ్ళు గీసింది. పాత గూళ్ళు ఒక వరస, కొత్తవి ఒక వరస. ఒక్కొక్క రోజు నడిపించి చూపించింది. ఆయన పెద్దగా చదువుకోలేదు కానీ గోడ మీద మూడో రోజు గడి దగ్గరికే పట్టుకున్నాడు.

"అంటే కొత్తవి పాతవాటి నెత్తికెక్కి కూర్చున్నాయి. ఈ పాప కొట్టిన తేదీల్లో తప్పు లేదు. ఏమప్పా కృష్ణమోహనూ, నువ్వు రాసిన దాంట్లోనే ఉండాది గదా రోగం?"

కృష్ణమోహన్ ముఖం చూడాల్సింది. "సార్, నిజం చెప్తాండా. ఈ ప్రోగ్రాం నేను రాసింది కాదు. ఈయమ్మ రాసింది. నేను అమ్మినా, అంతే."

రెండేళ్ళు ఆ మాట కోసమే కాచుకున్నాను. దానికి జవాబు కూడా ఎప్పుడో సిద్ధం చేసుకున్నాను: వేలితో అక్షరాలు ఎతుక్కునేదాన్ని, నేను రాసినానంటే ఎవురన్నా నమ్ముతారా? అది అన్నానంటే ఆ పాడైన గూళ్ళన్నీ అతని నెత్తి మీదే ఉంటాయి. మాట నాలుక చివరికి వచ్చింది. గోడ దగ్గర ఆ పిల్ల సుద్దముక్క పట్టుకొని నన్నే చూస్తోంది. నేను అబద్ధం చెబుతానా లేదా అని చూడటం కాదు అది. వరస తర్వాత వరస ఏం జరుగుతుందో చూస్తారు చూడు, అలా.

"ఆ మాట కాయితం మీద రాసి సంతకం పెట్టు కృష్ణమోహన్," అన్నాను.

తప్పించుకునే తొందరలో గబగబా రాశాడు: 'పట్టుగూళ్ళ ప్రోగ్రాం నేను రాయలేదు, శ్రీమతి సుచిత్ర రాసినారు.' తేదీ వేయించాను. ఓబుళప్ప గారితో సాక్షి సంతకం పెట్టించాను. మడిచి సంచిలో పెట్టుకున్నాను. అప్పుడు చెప్పాను:

"నాదే. అందులో తప్పూ నాదే. పోయిన ఉగాది నుంచి నాకు తెలుసు. కావాలనే చెప్పలేదు."

ఓబుళప్ప గారు ఊడ్చిన పురుగుల కుప్ప వైపు చూశాడు. తర్వాత, "పాము ఉండాదని తెలిసీ పక్కింటి పిల్లను పుట్టలో చెయ్యి పెట్టనిచ్చినట్టుంది గదమ్మా," అన్నాడు. రామాంజినమ్మ సుద్దముక్క కిటికీలో పెట్టి బయటికి వెళ్ళిపోయింది. నేను పిలిచాను. ఆగలేదు.

మా ఆయన పోయి ఓబుళప్ప గారితో మాట్లాడి వచ్చాడు. నష్టానికి ఎంత ఇస్తానని ఒప్పుకున్నాడో నాకు చెప్పలేదు. అన్నం దగ్గర ముఖం చూడలేదు.

ఆ కాయితం ఇరవై జిరాక్సులు తీయించి, అతను అమ్మబోయిన ఇరవై యూనిట్లకూ ఒక్కొక్కటి పోస్టు చేశాను. నిన్న సాయంత్రం సెంటర్ బోర్డు దించారు. రోడ్డుకు ఇవతల నిలబడి చివరి మేకు ఊడేదాకా చూశాను. కడుపు నిండలేదని రాస్తే నువ్వు సంతోషిస్తావు. నిండింది. నీకు అబద్ధం ఎందుకు?

పద్నాలుగో పుస్తకం మాత్రం ఈ వారం రాలేదు. బస్సు దగ్గరికి మూడుసార్లు పోయాను.

సుచిత్ర

●

ధర్మవరం,
23 జనవరి 2000.

సుచిత్రా,

నేనింకా కోపంగానే ఉండా. పని మాట రాస్తా.

ఓబుళప్ప గారు రామాంజినమ్మను మళ్ళీ పిలిచినాడు. తిరుపాలు గేటు కాడికి పోయి, "అందరి ముందర తీసేసినారు, అందరి ముందర పిలవండి" అన్నాడంట. ఆయన పనివాళ్ళందరినీ నిలబెట్టి పిలిచినాడు.

ప్రోగ్రాం సరిచేసే పని ఆ పిల్లకే ఇచ్చినారు. ఆ పిల్ల ఒక షరతు పెట్టింది. రాసినామె వచ్చి, తన ఎదురుగా కూర్చొని, ఆరువందల పదకొండు వరసలూ కాయితం మీద నడిపించల్ల. ఒక్క వరస దాటకూడదు. ప్రతి ఆదివారం పెనుకొండ చర్చి గదిలో, ప్రార్థన అయినాక. దిద్దేది ఆ పిల్ల. నీ పుస్తకం మీద పేరు ఉండకూడదు. నీ నంబరు యాభై రెండు.

ఇది నేను నేర్పించింది కాదు. "మేడంకు ఇంత వయసులో అందరి ముందర ఎందుకే?" అని అడిగినా కూడా. ఏమనిందో తెలుసా? "దిద్దే మేడం ఆమె కోపాన్ని రెండేళ్ళు దాచి పెట్టుకున్నారు గదా మేడం. నాకు పదకొండు ఆదివారాలు చాలు."

శిష్యురాలిని బాగా తయారు చేసినావు.

నాగి

●

పెనుకొండ,
30 జనవరి 2000, ఆదివారం.

నాగీ,

ఇది చర్చి గదిలో కూర్చొని రాస్తున్నాను. రైలుకు ఇంకా గంటన్నర ఉంది.

మొదటి ఆదివారం అయిపోయింది. పది గంటలకు వచ్చాను. కుర్చీ నా దిండుతో సహా రామాంజినమ్మ తీసుకుంది, నాకు పిల్లలు కూర్చునే బల్ల చూపించింది. కూర్చున్నాను. మా హిందూపురం పిల్లలు ఎనిమిది మంది వెనక వరసలో ఉన్నారు. అప్పుడు నవ్వి తర్వాత నా దగ్గర చేరిన ఏడుగురిలో నలుగురు వాళ్ళలో ఉన్నారు. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

నమస్తే అన్నాను, తలూపింది. నేను గళ్ళు గీయడం మొదలుపెట్టాను. కళ్ళజోడు మర్చిపోయాను, గళ్ళు వంకర పోయాయి. "మళ్ళీ గీయండి" అంది. గీశాను. మళ్ళీ వంకర పోయాయి. మళ్ళీ గీశాను.

మూడు గంటల్లో యాభై ఆరు వరసలు. ఈ లెక్కన పదకొండు ఆదివారాలు సరిగ్గా సరిపోతాయి, ముందే లెక్కవేసుకొని చెప్పినట్టుంది. మూడుచోట్ల ఆపింది. రెండు నా తొందరపాటు. మూడోది నలభై ఎనిమిదో వరస, లాట్లు లెక్కపెట్టడం మొదలయ్యే చోటు. ఎప్పటిలాగే మొదటి గడిలో లాభం అని రాశాను. ఆమె ఎర్ర సిరా పెన్ను తీసింది.

"ఈడ మాట ఉండకూడదు మేడం, అంకె ఉండల్ల. మాట పెడితే మొదటిదాన్ని మిగతావాటితో పోల్చేదానికి కుదరదు."

నిజమే. ఆ ఒక్క మాట కోసం నేను ప్రోగ్రాంలో ఏడు వరసలు అదనంగా రాశాను. నా వరసలను అంతగా చదివినవాళ్ళు ఇంతకు ముందు లేరు.

ఆమె లాభం మీద అడ్డంగా గీత కొట్టి, పక్కన 1 అని రాసి, పుస్తకం నా వైపు తిప్పింది. వెనక వరసలో అందరూ చూస్తున్నారు. నేను కింద గడిలో 2 రాసి, అక్కడి నుంచి నడిపించాను.

సుచిత్ర